ఇంటిపెద్ద ఫిడేలు నాయుడుగారు

ఉగాదినాడు తలంట్లు పోసుకొని, వేపపూవు పచ్చడి నోట వేసుకొని, పంచాంగ శ్రవణం అయిన తర్వాత మన ఇండ్లలో ఎవరో ఒకరు “మా తాతగారు ఈ ఊరికి వచ్చిన కొత్తలో...” అని మొదలుపెడతారు. పిల్లలు ఆ కథ ఇదివరకు పదిసార్లు విన్నవారే అయినా మళ్ళీ వింటారు. ఒకరి తాత ఖర్గపూరు రైలు కార్ఖానాలో ఇనుము కొట్టినవాడు. ఒకరి తాత 2001లో మూతపడిన కోలారు బంగారు గనిలో దిగినవాడు. మరొకరి తాత షోలాపూరులో మగ్గం వేసినవాడు, ఇంకొకరి తాత బెంగుళూరు దండులో కొలువు చేసినవాడు. వారంతా పగలెల్లా ఒళ్ళు వంచి పనిచేసి, రాత్రి దీపం పెట్టిన తర్వాత హార్మోనియం ముందో, తాళాలు పట్టుకొనో కూర్చున్నవారే. అటువంటి తాతల పేర్లు చరిత్ర పుస్తకాలకు ఎక్కలేదు. పేరు చరిత్రకెక్కిన ఒక తాతను గూర్చి ఈ సంచికలో నాలుగు మాటలు వ్రాస్తున్నాను. ఆయన కథ చదివితే మన తాతల కథ కొంత అర్థమవుతుందని నా నమ్మకం.

ఆయన ద్వారం వెంకటస్వామి నాయుడుగారు. విజయనగరం వారికి ‘ఫిడేలు నాయుడుగారు’. ఈ పేరు చెప్పగానే అందరికీ విజయనగరం కోట, సంగీత కళాశాల గుర్తుకు వస్తాయి. కాని ఆయన పుట్టినది విజయనగరంలో కాదు, ఆంధ్రదేశంలోనే కాదు. 1893వ సంవత్సరం నవంబరు 8వ తేదీన, దీపావళి పండుగనాడు, బెంగుళూరులో పుట్టారు. తండ్రి సైన్యంలో ఉద్యోగి. ఇంగ్లీషువారు 1809లో శ్రీరంగపట్నంనుండి తమ పటాలాన్ని బెంగుళూరికి మార్చిన నాటినుండి అక్కడి దండు ప్రాంతంలో ఎన్నో తెలుగు కుటుంబాలు, తమిళ కుటుంబాలు కుదురుకొన్నాయి. సిపాయిలు, సరుకులు చేరవేసేవారు, మేస్త్రీలు, వర్తకులు, గుమాస్తాలు అక్కడ చేరారు. పొట్టచేత పట్టుకొని పొరుగు సీమకు వెళ్ళిన తెలుగువారి మధ్య ఆ దీపావళినాడు పుట్టిన బిడ్డ ఆయన. కనుక ఆయనను మనవాడని చెప్పుకొనే హక్కు విజయనగరానికి ఎంత ఉన్నదో బెంగుళూరు తెలుగువారికీ అంత ఉన్నది.

ఆ కుటుంబం తరువాత విశాఖపట్నం చేరుకొన్నది. నాయుడుగారి బాల్యం అక్కడ గడిచింది. చిన్ననాటినుండి ఆయనకు చూపు మందం. బడిచదువుకు కన్ను ముఖ్యం గదా! బల్లమీద వ్రాసినది కానరాని పిల్లవానికి ఆ చదువు సాగేదెట్లా? ఈ రోజుల్లోనైనా అట్టి బిడ్డను చూచి తల్లిదండ్రులు దిగులుపడతారు. ఆ రోజుల్లో ఇక చెప్పనక్కరలేదు. ఆ ఇంట అన్నగారు వెంకటకృష్ణయ్యగారికి ఫిడేలు వచ్చు. తమ్మునికి తొలిపాఠాలు ఆయనే చెప్పారు. కన్ను చేయలేని పనిని చెవి అందుకొన్నది.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవలెను. నాయుడుగారిది తరతరాలుగా సంగీతమే వృత్తిగా వచ్చిన ఇల్లు కాదు, ఆస్థాన విద్వాంసుల వంశమూ కాదు. సైనికోద్యోగి ఇల్లు. దక్షిణాది సంగీతంలో ‘ఫలానావారి మనుమడు, ఫలానావారి శిష్యపరంపర’ అని చెప్పుకొనడం గౌరవం. ఆ ఆసరా లేకుండా, ఇంటిలోని అన్న చూపిన దారిని పట్టుకొని, మిగిలినదంతా సొంత సాధనతో సంపాదించిన మనిషి నాయుడుగారు. వంశం వలన ఆయనకు సంగీతం రాలేదు. ఆయన వలన ఆ వంశానికి సంగీతం వచ్చింది.

ఆయన చేతికి వచ్చిన వాద్యం కథ కూడా మనవంటి వలసవారి కథే. ఫిడేలు ఐరోపానుండి వచ్చినది. పద్ధెనిమిదవ శతాబ్దం చివరి రోజులలో, పందొమ్మిదవ శతాబ్దం మొదటి రోజులలో అది కర్ణాటక సంగీతంలో అడుగుపెట్టింది. ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దానిని మద్రాసులో నేర్చుకొని మన పాటకు పనికివచ్చేటట్లు చేశారని సంగీత చరిత్రకారులు చెపుతారు. తంజావూరు నలుగురు సోదరులలో వడివేలుగారు కూడా ఆ తొలితరం వారే. వచ్చిన వాద్యం తన రూపం మార్చుకోలేదు. అదే చెక్క, అవే నాలుగు తీగలు, అదే గుఱ్ఱపు వెంట్రుకల కమాను. కాని కూర్చునే తీరు మారింది. నిలబడి భుజాన పెట్టుకొని వాయించేది కాస్తా, నేలమీద బాసిపట్టు వేసుకొని, తలభాగం కుడికాలి మడమ దగ్గర ఆనించి వాయించడం వచ్చింది. తీగల శ్రుతి షడ్జ పంచమాలకు మారింది. కొద్ది తరాలలో ఆ వాద్యం లేకపోతే మన పాటకచ్చేరి నడవదు అన్నంత దగ్గరైపోయింది. పరాయి నేలకు వచ్చి, తన ఒడ్డూ పొడుగూ మార్చుకోకుండా, ఆ నేల మాట నేర్చుకొన్నది ఫిడేలు. మనమూ ఆ పనే గదా చేస్తున్నది!

ఫిడేలుకు వీణకున్నట్లు మెట్లు లేవు. ఏ స్వరం ఎక్కడ ఉన్నదో వేలికి చూపించే గుర్తు ఏదీ ఉండదు. వెంట్రుకవాసి వేలు జరిగినా అపస్వరమే. చెవి చెప్పినట్లు వేలు నడవవలెను, వేలు నడిచినట్లు కమాను లాగవలెను. అందుకు దగ్గర దారి లేదు. ఒక్క స్వరం మీద కమాను ఈ కొననుండి ఆ కొనవరకు ఒణుకు లేకుండా లాగడమే కొన్ని నెలల పని. ఆ మీద సరళీ వరుసలు, జంట వరుసలు, అలంకారాలు, వర్ణాలు, ఒక్కొక్కటి మొదట నిదానంగా, తరువాత రెట్టింపు వేగంతో. పొలంలో దుక్కి దున్నేవాడు చాలు వెంట చాలు వేసినట్లు ఈ పని సాగవలెను. వినేవారికి అది ఒకటే మోత. ఇంటివారు ఓర్చుకోవలెను. నాయుడుగారి కమానులోని మెత్తదనాన్ని, నాద మాధుర్యాన్ని ఆయనను విన్న విద్వాంసులందరూ మెచ్చుకొన్నారు. ఆ మెత్తదనం వెనుక ఎంత గట్టి శ్రమ ఉన్నదో ఫిడేలు పట్టినవారికి తెలుసు.

1919వ సంవత్సరంలో విజయనగర ప్రభువు పూసపాటి విజయరామ గజపతిరాజుగారు సంగీత కళాశాలను నెలకొల్పి, హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారిని అధ్యక్షులుగా నియమించారు. నాయుడుగారు ఆ కళాశాలలో విద్యార్థిగా చేరుదామని వెళ్ళితే, ఆయన వాయించినది విని, విద్యార్థిగా కాదు, ఉపాధ్యాయునిగా ఉండమన్నారని విజయనగరంలో ఇప్పటికీ చెప్పుకొంటారు. ఆ కథ సంగతి ఎట్లున్నా, అప్పటికి ఇరవైయారేండ్లయినా సరిగా నిండని ఆయనను వయొలిన్ ఆచార్య పదవిలో కూర్చోబెట్టినది మాత్రం వాస్తవం. 1936లో నారాయణదాసుగారి తరువాత ఆయనే కళాశాల అధ్యక్షులయ్యారు. 1953 వరకు ఆ బాధ్యత మోశారు. అంటే మొత్తం ముప్పదినాలుగేండ్లు ఒకే బడిలో ఉద్యోగం.

ఈ ముప్పదినాలుగేండ్ల మాట నేను కావాలనే ఎత్తి చెపుతున్నాను. విద్వాంసుని జీవితమంటే మనకు శాలువలు, పూలదండలు, సభలు జ్ఞాపకం వస్తాయి. కాని నాయుడుగారి జీవితంలో ఎక్కువ భాగం పాఠం చెప్పడంలో గడిచింది. చెప్పినదే చెప్పడం, తప్పు వినడం, దిద్దడం, మళ్ళీ చెప్పడం. ఇంతటి విద్వాంసుడు వచ్చీరాని చేతులు వాయించే సరళీ వరుసలు ఏండ్ల తరబడి వినవలెనంటే ఎంత ఓర్పు కావలెను! ఆయన అధ్యక్షులుగా ఉన్న రోజులలోనే ఘంటసాల వెంకటేశ్వరరావుగారు ఆ కళాశాలలో చదువుకొన్నారు. ఆయనకు గురువై ఇంట పెట్టుకొని చదువు చెప్పినవారు పట్రాయని సీతారామశాస్త్రిగారు. గాయని పి. సుశీలగారు కూడా ఆ కళాశాల విద్యార్థినియే. మన ఇండ్లలో ఏ పండుగకైనా, ఏ పెండ్లికైనా వినబడే కంఠాల వెనుక ఆ బడి ఉన్నది, ఆ బడి వెనుక నాయుడుగారివంటి పెద్దల దినదిన శ్రమ ఉన్నది.

బడిపనితోపాటు కచ్చేరీలు కూడా సాగించారు. 1900లో రాజమహేంద్రవరం దగ్గర గోదావరిమీద రైలు వంతెన పూర్తి కావడంతో ఉత్తర సర్కారు జిల్లాలకు, మద్రాసుకు మధ్య రాకపోకలు సులువయ్యాయి. మన తాతలలో కొందరిని ఖర్గపూరుకు, మరికొందరిని మద్రాసుకు చేర్చిన ఆ తూర్పుతీరపు రైలుమార్గంమీదనే విజయనగరమూ ఉన్నది. 1927నుండి నాయుడుగారు మద్రాసులో జరిగిన అఖిల భారత సంగీత సభలలో పాల్గొన్నారు. మొదట పేరుమోసిన గాయకులకు పక్కవాద్యంగా వాయించారు. పక్కవాద్యమంటే గాయకుని నీడవలె నడవడం. ఆయన ఎటు తిరిగితే అటు తిరగవలెను, ఆయన ఆగినచోట ఆగవలెను, ఇచ్చిన చిన్న అవకాశంలో తన మాట చెప్పి తప్పుకోవలెను.

1938లో వేలూరులో నాయుడుగారు ఫిడేలుతోనే పూర్తి కచ్చేరీ చేశారు. గాయకుడు లేకుండా ఫిడేలే ప్రధానంగా సాగిన మొదటి కచ్చేరీగా దానిని పేర్కొంటారు. ఈనాడు మనకు ఇది వింతగా తోచదు. ఆనాడు అది పెద్ద సాహసం. పాటలో మాట ఉంటుంది, ఆ మాట వినేవారిని పట్టి ఉంచుతుంది. మాట లేని వాద్యం రెండు మూడు గంటలు సభను కూర్చోబెట్టవలెనంటే తీగమీద మాట పలకవలెను. అందుకే మంచి ఫిడేలు విద్వాంసుడు కృతి వాయించేటప్పుడు స్వరం చూచుకొని మాత్రమే కమాను మార్చడు, సాహిత్యంలోని అక్షరం చూచుకొని మారుస్తాడు. ‘రామ’ అన్న చిన్న పేరులో మొదటి అక్షరం దీర్ఘం, రెండవది హ్రస్వం. ఆ తేడా కమాను లాగడంలో తెలియవలెను. త్యాగరాజస్వామి కృతులు వాయించేవానికి తెలుగు తెలిస్తేనే ఈ పని కుదురుతుంది. కావేరి ఒడ్డున కాపురమున్న కాకర్ల వారి ఇంట పుట్టిన త్యాగయ్య తెలుగులోనే పాడుకొన్నారు. బెంగుళూరు దండులో పుట్టిన నాయుడుగారు ఆ తెలుగును నాలుగు తీగలమీద పలికించారు. ఇద్దరి ఇండ్లూ సొంత సీమ విడిచి వెళ్ళినవే. భాష మాత్రం గడప దాటి పోలేదు.

నాయుడుగారికి ఆనందభైరవి, కాంభోజి, ముఖారి, శ్రీరంజని వంటి రాగాలు ప్రాణం. ఆ వాద్యం పుట్టిన దేశాల సంగీతాన్ని కూడా ఆయన చులకన చేయలేదు. పాశ్చాత్య విద్వాంసుల వాదనను శ్రద్ధగా విని, కమాను పట్టులో తీసుకోదగినది తీసుకొన్నారు. 1952లో జగత్ప్రసిద్ధ వయొలిన్ విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ మన దేశానికి వచ్చినప్పుడు, మద్రాసులో ప్రధాన న్యాయమూర్తి పి.వి. రాజమన్నారుగారి ఇంట నాయుడుగారి వాదన విని ముగ్ధుడయ్యారు. పుట్టింటివారు వచ్చి, అత్తవారింట కాపురం చక్కబెట్టుకొన్న ఆడపడుచును చూచి మురిసినట్లయినది ఆ సన్నివేశం.

అదే సంవత్సరంలో ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల సభాభవనంలో ఆయన ఒక కచ్చేరీ చేశారు. అది అంధుల సహాయనిధి కోసం. చిన్ననాట చూపు మందమై బడికి దూరమైన బాలుడు, ఏబదితొమ్మిదో ఏట, దేశ రాజధానిలో, చూపులేనివారి కోసం కమాను పట్టాడు. నాయుడుగారి జీవితంలో నాకు అన్నిటికంటె విలువైనదిగా తోచే ఘట్టం ఇది.

బిరుదులకు కొదువ లేదు. 1941లో మద్రాసు సంగీత విద్వత్సభవారి సంగీత కళానిధి బిరుదు, 1953లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1957లో పద్మశ్రీ వచ్చాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయంవారు కళాప్రపూర్ణ బిరుదంతో గౌరవించారు. 1964వ సంవత్సరం నవంబరు 25న కన్నుమూశారు. పుట్టినది కన్నడ సీమలో, బ్రతుకులో ఎక్కువ భాగం ఉత్తరాంధ్రలో. శతజయంతి సంవత్సరమైన 1993లో తపాలాశాఖ ఆయన బొమ్మతో బిళ్ళ వెలువరించింది. విశాఖపట్నంలో ఆయన పేర కళాక్షేత్రం ఉన్నది.

కాని ఇంటిపెద్దను కొలవవలసినది బిళ్ళలతో, బిరుదులతో కాదు. ఆయన వెళ్ళిపోయిన తర్వాత ఇంట్లో ఏమి మిగిలింది అన్నదే ప్రశ్న. ద్వారం వారి ఇంట సంగీతం మిగిలింది. కుమారుడు భావనారాయణరావుగారు, ఆ వంశానికే చెందిన నరసింగరావు నాయుడుగారు, దుర్గాప్రసాదరావుగారు వేర్వేరు కాలాలలో విజయనగరం సంగీత కళాశాలకు అధ్యక్షులయ్యారు. కుమార్తె మంగతాయారుగారు ఫిడేలు విద్వాంసురాలిగా మద్రాసులో పేరు పొందారు. ఈ చివరి సంగతి ప్రత్యేకంగా గమనించదగినది. ఆ తరంలో ఫిడేలు పట్టి వేదిక ఎక్కిన స్త్రీలు ఎందరు? కుమారునికి ఇచ్చిన కమానే కుమార్తెకూ ఇచ్చిన ఇల్లు అది. తరువాతి తరంవారు కూడా సంగీతం విడువలేదు. ఒక్క మనిషి మొదలుపెట్టినది మూడు తరాలైనా నిలిచింది.

అయితే ఆ ఘనతంతా ఒక్క పురుషుని ఖాతాలో వేసి ఊరుకొనడం న్యాయం కాదు. చూపు తక్కువైన మనిషి రైలెక్కి ఊరూరా కచ్చేరీకి వెళ్ళివస్తున్నాడంటే, వచ్చేవారికీ పోయేవారికీ అన్నం వండి, పిల్లలను సాకి, తెల్లవారుజాము సాధన మోతను ఓర్చుకొన్న చేతులు ఏ ఇంటనైనా ఉండి తీరుతాయి. వారి పేర్లు సభలవారి కాగితాలలో దొరకవు. మన తాతల కథలు చెప్పుకొనేటప్పుడు కూడా ఈ పొరపాటు చేస్తూనే ఉన్నాము. తాత గనిలో దిగిన కథ చెపుతాము, పొద్దున నాలుగింటికి లేచి క్యారియరు కట్టిన అవ్వ కథ చెప్పము.

ఇక మన సంగతి. సంఘం పెట్టుకొన్నాము, ఏటేటా ఉగాది చేసుకొంటున్నాము, పిల్లలచేత పాటలు పాడిస్తున్నాము. సంతోషమే. కాని వేదిక ఎక్కిన బిడ్డ చేతిలోని కాగితం ఒక్కసారి చూడండి. తెలుగుపాటను కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో, ఇంగ్లీషు అక్షరాలలోనో వ్రాసుకొని చదువుతున్నది ఆ బిడ్డ. అది ఆ బిడ్డ తప్పు కాదు. సంవత్సరానికి ఒక్కరోజు పండుగ చేస్తే చాలునని అనుకొన్న మన తప్పు. నాయుడుగారు సంవత్సరానికి ఒకసారి ఫిడేలు పట్టి విద్వాంసులు కాలేదు. దినమూ పట్టారు. ఇంట్లో బిడ్డలు ఆ చప్పుడులోనే పెరిగారు. ఇంటిలో దినమూ వినబడేదే పిల్లలకు అబ్బుతుంది. పండుగనాడు మాత్రమే వినబడేది చుట్టంలాగా వచ్చి చుట్టంలాగా పోతుంది.

‘అంతటి సంగీతం మా ఇంట లేదండీ’ అంటారేమో. ఆ సైనికోద్యోగి ఇంటనూ మొదట లేదు. ఒక అన్న తమ్మునికి తొలిపాఠం చెప్పాడు. అంతే! మన ఇంట కూడా ఎవరో ఒకరికి ఏదో ఒకటి వచ్చు. ఒకరికి నాలుగు అన్నమయ్య కీర్తనలు వస్తాయి. మరొకరికి భజన పాటలు, ఇంకొకరికి శతక పద్యాలు, హార్మోనియం మెట్లు. ఏమీ రాకపోతే తెలుగు అక్షరాలైనా వస్తాయి. దానిని దినానికి అరగంట, మాపటివేళ, పిల్లను దగ్గర కూర్చోబెట్టుకొని చెప్పండి. తప్పు పాడితే నవ్వకండి. ముప్పదినాలుగేండ్లు తప్పులు విన్న మహావిద్వాంసుని తలచుకొని, మనమూ కాస్త ఓర్చుకొందాము.

మరొక మనవి. ఈ ఏడు మీ ఇంట తాత కథ మొదలయినప్పుడు ఎవరైనా కాగితం, కలం పట్టుకొని కూర్చోండి. ఆయన పుట్టిన ఊరు, వచ్చిన సంవత్సరం, చేసిన పని, పాడుకొన్న పాట వ్రాసిపెట్టండి. పక్కనే అవ్వ పేరు కూడా వ్రాయండి. తెలుగు అక్షరాలలో వ్రాయండి. చదవగలిగిన మనుమడు ఇంట ఒక్కడైనా ఉండేటట్లు చూడండి.